ఇద్దరికీ ఒకటే రూలు, దెబ్బ మాత్రం ఒకరికే: అమెరికా తటస్థ చట్టాల కథ

ఉక్రెయిన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి చాలామందికి ఒక డౌట్ వస్తోంది. ఒక దేశం మేం ఎవరి పక్షమూ కాదంటుంది, మళ్ళీ అదే దేశం ఒకళ్ళకి ఆయుధాలమ్ముతుంది, ఇంకొకళ్ళ దగ్గర ఆయిల్ కొంటుంది, మరి ఇదేం తటస్థత అని. ఈ డౌట్ కొత్తదేం కాదు. 1930ల్లో అమెరికా దీన్ని ఏకంగా చట్టం రాసి తేల్చేద్దామనుకుంది, ఒకసారి రాసి కుదరక మళ్ళీ రాసి, అలా 1935 నుంచి 1939 లోపు నాలుగు చట్టాలు, మధ్యలో స్పెయిన్ కోసం విడిగా ఒక తీర్మానం చేసింది. చివరికి యుద్ధంలోకి దిగనే దిగింది.

క్లుప్తంగా: మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికాని లాగింది ఆయుధాల అమ్మకం, అప్పులు, ఓడ ప్రయాణాలేనన్న నమ్మకంతో ఈ చట్టాలొచ్చాయి. యుద్ధం చేసే ఇద్దరికీ ఒకే నిషేధం అన్నది వీటి మూలసూత్రం. కానీ ఇథియోపియాలో, స్పెయిన్‌లో ఆ సమాన నిషేధం బలమున్నవాడికే కలిసొచ్చింది, చైనాలో అలా కలిసిరాకూడదనే అసలు చట్టాన్నే వాడలేదు. 1939 నుంచి ఒక్కో నిషేధం ఊడిపోతూ 1941 నవంబర్‌కి దాదాపు ఏమీ మిగల్లేదు.

తటస్థతకి పాత రూలేంటి

1907 హేగ్ ఒప్పందాల ప్రకారం తటస్థ దేశం ప్రభుత్వం హోదాలో ఏ పక్షానికీ యుద్ధనౌకలు గానీ ఆయుధాలు గానీ ఇవ్వకూడదు. కానీ ఆ దేశంలోని ప్రైవేట్ కంపెనీలు అమ్ముకుంటే ఆపాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదు. ఒకవేళ ఆపితే మాత్రం ఇద్దరికీ సమానంగా ఆపాలి. అంటే ఆయుధాలమ్మే దేశం తటస్థంగా ఉండటం అనేది ఆ రూల్స్ ప్రకారం మామూలు విషయమే, అందులో దొంగతనమేం లేదు.

ఈ రూలు గట్టిపడటంలో అమెరికా చేయి కూడా ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల కోసం అలబామా అనే యుద్ధనౌక బ్రిటన్‌లోని బర్కెన్‌హెడ్‌లో తయారైంది, అది తిరిగి తిరిగి ఉత్తరాది వ్యాపార ఓడల్ని ముంచింది. తటస్థంగా ఉన్న దేశం మీ రేవులో దాన్ని ఎందుకు కట్టనిచ్చారని అమెరికా పంచాయతీకి పోతే, 1872లో జెనీవా ట్రిబ్యునల్ బ్రిటన్ చేత కోటీ 55 లక్షల డాలర్లు కట్టించింది. 1940కి వచ్చేసరికి ఈ ముచ్చట మళ్ళీ గుర్తొస్తుంది.

1794 చట్టం, గదర్ కేసు

అమెరికాకి తటస్థత దాదాపు పుట్టుకతో వచ్చిన జబ్బు అనొచ్చు. 1793లో ఫ్రాన్స్, బ్రిటన్ కొట్టుకుంటుంటే ప్రెసిడెంట్ వాషింగ్టన్ మేం మధ్యలోకి రామని ప్రకటించాడు. కానీ కొత్తగా వచ్చిన ఫ్రెంచ్ రాయబారి జెనే అమెరికా రేవుల్లోనే ఓడలకి తుపాకులు బిగించి బ్రిటిష్ ఓడల మీదకి పంపడం మొదలుపెట్టాడు, అప్పుడు అలాంటి పనిని శిక్షించడానికి సరైన చట్టమే లేదని తేలింది. దాంతో 1794లో ఒక చట్టం తెచ్చారు: అమెరికాతో శాంతిగా ఉన్న దేశం మీదకి అమెరికా గడ్డ మీద నుంచి దండు కట్టి పోవడం నేరం. దాని వారసత్వం ఇవాళ్టికీ అక్కడి శిక్షాస్మృతిలో ఉంది.

ఈ చట్టం మనవాళ్ళకి కూడా తగిలింది. 1915లో, అమెరికాలోని భారతీయులు మన స్వాతంత్ర్యం కోసం పెట్టిన గదర్ పార్టీ కోసం జర్మన్ డబ్బుతో కొన్న ఆయుధాలు ఆనీ లార్సెన్ అనే తెరచాప ఓడలో శాన్ డియాగో నుంచి బయల్దేరాయి, మెక్సికో దగ్గర సొకోర్రో దీవిలో మావరిక్ అనే ట్యాంకర్‌కి అందించాలని ప్లాన్. రెండు ఓడలూ ఒకదాన్నొకటి కలుసుకోలేకపోయాయి, చివరికి వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక రేవులో ఆయుధాలు దొరికిపోయాయి. 1917-18లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద కేసులో అసలు అభియోగం అమెరికా తటస్థతని భంగపరిచే కుట్ర. విచారణ ఆఖర్లో గదర్ నాయకుడు రామచంద్రని తోటి నిందితుడే కోర్టు హాల్లో కాల్చి చంపాడు. మన ప్రకాశం వైపు నుంచి చదువుకోడానికి కాలిఫోర్నియా వెళ్ళి గదర్‌లో చేరిన దరిశి చెంచయ్య కూడా ఆ తరం మనిషే, ఆయన మాత్రం సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, పట్టుబడ్డాడు.

ఈ పాత చట్టం ఆపేది మనుషుల్ని, దండుల్ని. సరుకుల అమ్మకం జోలికి పోదు. 1930ల్లో మారింది సరిగ్గా అదే.

మొదటి యుద్ధం మిగిల్చిన అనుమానం

1914లో యుద్ధం మొదలవగానే అమెరికా విదేశాంగ మంత్రి బ్రయన్ యుద్ధం చేసే దేశాలకి అప్పులివ్వొద్దన్నాడు. సంవత్సరం తిరిగేసరికి ఆ మాట గాల్లో కలిసిపోయింది, 1915లో జె.పి. మోర్గాన్ బ్యాంకు బృందం బ్రిటన్, ఫ్రాన్స్‌లకి 50 కోట్ల డాలర్ల లోన్ ఏర్పాటు చేసింది. అదే ఏడాది మే 7న జర్మన్ జలాంతర్గామి లుసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడని ముంచితే చనిపోయిన దాదాపు 1,200 మందిలో 128 మంది అమెరికన్లు. 1917 ఏప్రిల్ 6న అమెరికా యుద్ధం ప్రకటించింది. లక్షా 16 వేల మంది దాకా సైనికులు పోయారు, యుద్ధం అయ్యాక అప్పు తీసుకున్న దేశాలు ఒక్కొక్కటిగా చేతులెత్తేశాయి, వాయిదాలు క్రమంగా కట్టుకుంటూ వచ్చిన దేశంగా ఫిన్లాండ్‌కి పేరు మిగిలింది.

దాని మీద మహా మాంద్యం. బ్యాంకులంటేనే జనం మండిపడుతున్న టైంలో 1934లో సెనేటర్ జెరాల్డ్ నై అధ్యక్షతన కమిటీ వేశారు. నై నార్త్ డకోటా మనిషి, రైతుల రాష్ట్రం, తూర్పు తీరం బ్యాంకర్లంటే అక్కడ ముందునుంచే పడదు. కమిటీ మోర్గాన్‌ని పిలిచింది, మందుగుండు తయారుచేసే డూపాంట్ కుటుంబాన్ని పిలిచింది, 200 మందికి పైగా సాక్షుల్ని విచారించింది. అమెరికా యుద్ధంలోకి దిగే నాటికి మిత్రపక్షాలకి వెళ్ళిన అప్పు 230 కోట్ల డాలర్లు, జర్మనీకి వెళ్ళింది 2 కోట్ల 70 లక్షలు అన్న లెక్క బయటికొచ్చాక మామూలు మనిషికి ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడు గెలవాలనే కోరుకుంటాడు కదా.

ఈ వాదనలో లాజిక్ ఉంది, పూర్తి నిజం మాత్రం లేదు. 1917లో అమెరికాని తోసింది అన్నిటికంటే ముందు జర్మనీ జలాంతర్గాముల మీద పరిమితులన్నీ ఎత్తేయడం, దానికి తోడు మెక్సికోని అమెరికా మీదకి ఉసిగొల్పుతూ జర్మనీ పంపిన జిమ్మర్మన్ టెలిగ్రామ్. బ్యాంకర్లే ప్రభుత్వాన్ని యుద్ధంలోకి నెట్టారని కమిటీ నిరూపించలేకపోయింది. కానీ చట్టాలు చేసేది చరిత్రకారులు కాదుగా.

1935: ఎవరికీ అమ్మొద్దు

1935 ఆగస్టు 31న వచ్చిన మొదటి చట్టం సింపుల్‌గా ఉంటుంది. రెండు దేశాల మధ్య యుద్ధం జరుగుతోందని ప్రెసిడెంట్ ప్రకటించగానే ఇద్దరికీ ఆయుధాల అమ్మకం బంద్, అమెరికన్లు వాళ్ళ ఓడల్లో ఎక్కితే ఎవరి రిస్కు వాళ్ళదే. ఎవడు దాడి చేశాడు, ఎవడు దెబ్బ తిన్నాడు అని చూసే వీలు ప్రెసిడెంట్‌కి లేదు. అప్పటి ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఆ వీలే కావాలన్నాడు, కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) ఇవ్వలేదు. సంతకం పెడుతూనే ఈ బిగుసుకుపోయిన రూల్స్ మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచే బదులు అందులోకి లాగొచ్చని రాశాడు. మరి వీటో ఎందుకు చేయలేదంటే, ఈ చట్టం కావాలన్న పశ్చిమ రాష్ట్రాల సెనేటర్లలో చాలామంది ఓట్లు, మాంద్యం నుంచి బయటపడటానికి అతను తెస్తున్న న్యూ డీల్ చట్టాలకి కావాలి.

అయిదు వారాలకే పరీక్ష వచ్చింది. అక్టోబర్ 3న ఇటలీ నియంత ముస్సోలినీ ఇథియోపియా మీద పడ్డాడు, రూజ్‌వెల్ట్ రెండ్రోజుల్లో చట్టం అమల్లో పెట్టాడు. ఇటలీకి సొంత ఆయుధ ఫ్యాక్టరీలున్నాయి, అమెరికా తుపాకీ రాకపోతే వచ్చిన నష్టమేం లేదు. ఇథియోపియాకి చెప్పుకోదగ్గ ఫ్యాక్టరీలు లేవు. ఇటలీకి నిజంగా కావాల్సింది ఆయిల్, ట్రక్కులు, పాత ఇనుము, అవి చట్టం లిస్టులోనే లేవు. అమ్మొద్దని ప్రభుత్వం కంపెనీలకి నైతికంగా విజ్ఞప్తి చేసింది, అయినా ఇటలీకి ఆయిల్ అమ్మకాలు పెరిగాయి. 1936 మేలో అడిస్ అబాబా పడిపోయింది. ఫిబ్రవరిలోనే చట్టాన్ని పొడిగిస్తూ అప్పుల నిషేధం కూడా కలిపారు, ఆయిల్‌ని మాత్రం ముట్టుకోలేదు.

స్పెయిన్, రెండ్రోజుల తేడా

1936 జూలైలో స్పెయిన్‌లో రిపబ్లిక్ ప్రభుత్వం మీద జనరల్ ఫ్రాంకో వర్గం సైన్యం తిరగబడి అంతర్యుద్ధం మొదలైంది. చట్టం దేశాల మధ్య యుద్ధాల గురించి మాట్లాడుతుంది, ఇది ఒకే దేశంలో గొడవ, కాబట్టి లెక్కప్రకారం అమ్మకానికి అడ్డు లేదు. ఇది గమనించిన ఒక పాత విమానాల వ్యాపారి రిపబ్లిక్ ప్రభుత్వానికి విమానాలు, ఇంజిన్లు అమ్ముతానని లైసెన్స్ అడిగాడు, ప్రభుత్వానికి ఇష్టం లేకపోయినా ఇవ్వక తప్పలేదు.

1937 జనవరి 6న కాంగ్రెస్ ఆదరాబాదరాగా స్పెయిన్‌కి ప్రత్యేక నిషేధం తెచ్చింది. పై సభ సెనేట్‌లో 81-0, కింది సభ హౌస్‌లో 406-1. వ్యతిరేకించిన ఆ ఒక్కడు మిన్నెసోటా సభ్యుడు జాన్ బెర్నార్డ్. అదే రోజు న్యూయార్క్ రేవులో మార్ కాంటాబ్రికో అనే ఓడ దొరికిన సరుకు దొరికినట్టు ఎక్కించుకుని, మిగిలింది వదిలేసి బయటపడింది. తీర్మానం చట్టమయ్యింది 8న. ఇంత తిప్పలు పడి ఆ ఓడ మెక్సికోలో ఇంకొంత సరుకు ఎక్కించుకుని, బ్రిటిష్ ఓడలా వేషం మార్చుకుని స్పెయిన్ తీరం దాకా వెళ్ళాక, మార్చిలో ఫ్రాంకో యుద్ధనౌక కనారియాస్ పట్టేసుకుంది. రిపబ్లిక్ కోసం బయల్దేరిన సరుకు రిపబ్లిక్ శత్రువు చేతికే పోయింది.

ఓడ సంగతి పక్కన పెడితే పెద్ద లెక్క వేరే ఉంది. ఫ్రాంకోకి హిట్లర్, ముస్సోలినీ విమానాలూ మనుషుల్నీ పంపుతున్నారు, వాళ్ళని అమెరికా చట్టం ఆపదు. ఆయిల్ మళ్ళీ లిస్టులో లేదు, టెక్సాకో అనే అమెరికా ఆయిల్ కంపెనీ ఫ్రాంకోకి అరువు మీద ఆయిల్ పోసింది, అరువివ్వడం తప్పని తర్వాత చిన్న జరిమానా కట్టి ఊరుకుంది. అప్పటిదాకా ప్రపంచం గుర్తించిన ప్రభుత్వానికి డబ్బిచ్చి ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉండేది, అది పోయింది. 1939 జనవరిలో రూజ్‌వెల్టే తన క్యాబినెట్‌లో ఇది పెద్ద తప్పని ఒప్పుకున్నాడు, అప్పటికి బార్సిలోనా పని అయిపోయింది.

క్యాష్ అండ్ క్యారీ

1937 మే 1 చట్టంలో అంతర్యుద్ధాలు కూడా కలిశాయి, యుద్ధ దేశాల ఓడల్లో అమెరికన్లు ఎక్కడం పూర్తిగా నిషేధమైంది, క్యాష్ అండ్ క్యారీ అనే ఒక కొత్త ఏర్పాటు కూడా వచ్చింది. ఆయుధాలు తప్ప మిగతా సరుకుల్లో ప్రెసిడెంట్ లిస్టు చేసినవి కావాలంటే డబ్బు ముందే కట్టి, నీ ఓడ నువ్వే తెచ్చుకుని పట్టుకుపో. మన కిరాణా కొట్టు భాషలో చెప్పాలంటే అరువు లేదు, డోర్ డెలివరీ లేదు. అప్పు లేకపోతే గెలుపోటముల మీద ఆశ ఉండదు, మన ఓడ వెళ్ళకపోతే మునిగేదీ ఉండదు, వ్యాపారం మాత్రం నడుస్తుంది, పాము చావాలి కర్ర విరక్కూడదు టైపు. దీనికి రెండేళ్ళ గడువు పెట్టారు.

దీంట్లో పక్షపాతం ఎక్కడుందంటే, డబ్బూ ఓడలూ రెండూ ఉన్నవాడికే ఇది పనికొస్తుంది. అట్లాంటిక్‌లో ఆ రెండూ ఉన్నది బ్రిటన్‌కి. పసిఫిక్‌లో జపాన్‌కి. జూలైలో జపాన్ చైనా మీద పూర్తి స్థాయి యుద్ధానికి దిగింది. రూల్ అమలు చేస్తే చైనాకి ఆయుధాలు, అప్పు రెండూ ఆగిపోతాయి, జపాన్ దర్జాగా ఓడలు తెచ్చుకుని ఆయిల్, ఇనుము నింపుకుపోతుంది. అప్పుడు రూజ్‌వెల్ట్‌కి ఒక సందు దొరికింది. యుద్ధం జరుగుతోందని ప్రెసిడెంట్ గుర్తించాకే చట్టం మొదలవుతుంది, రెండు పక్షాలూ అధికారికంగా యుద్ధం ప్రకటించలేదు, ఇద్దరికీ అమెరికా సరుకు కావాలి కాబట్టి ప్రకటించే ఉద్దేశమూ లేదు. ఆయన గుర్తించలేదు. షాంఘై మీద బాంబులు పడుతున్నాయి, వాషింగ్టన్ కాగితాల్లో మాత్రం యుద్ధం లేదు.

అలాగని ఇదీ చైనాకి పూర్తి మేలేం కాదు. జపాన్ దిగుమతి చేసుకునే ఆయిల్‌లో ఎక్కువ భాగం అమెరికాదే, అది 1941 వేసవి దాకా పారుతూనే ఉంది. చట్టం వాడితే ఒక నష్టం, వాడకపోతే ఇంకో నష్టం.

సరిహద్దులో గుర్రాలు

1939 మేలో క్యాష్ అండ్ క్యారీ గడువు అయిపోయింది. రూజ్‌వెల్ట్ ఆయుధ నిషేధం ఎత్తేయమని అడిగితే జూలై 11న సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ 12-11 ఓట్లతో తర్వాత చూద్దాంలే అని వాయిదా వేసింది. వారం తర్వాత వైట్ హౌస్ మీటింగ్‌లో సెనేటర్ బోరా ఈ ఏడాది యూరప్‌లో యుద్ధం రాదు, నా దగ్గరున్న సమాచారం మీ విదేశాంగ శాఖ దగ్గరున్న దానికంటే నయం అన్న ధోరణిలో మాట్లాడాడు. సెప్టెంబర్ 1న హిట్లర్ పోలండ్‌లోకి దిగాడు.

అప్పటి చట్టం పరిస్థితి విచిత్రం. ఆయుధాలు అమ్మకూడదు, కానీ గడువు దాటిపోయింది కాబట్టి మిగతా సరుకుల్ని అమెరికా ఓడలే యుద్ధ సముద్రంలోకి మోసుకెళ్ళొచ్చు, అంటే లుసిటానియా తరహా ప్రమాదం తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. రూజ్‌వెల్ట్ సెప్టెంబర్ 21న కాంగ్రెస్‌ని ప్రత్యేకంగా పిలిచి ఈ బొక్కనే చూపించాడు. ఓడల్ని ఆపేద్దాం, బదులుగా ఆయుధాలని క్యాష్ అండ్ క్యారీలో కలుపుదాం అని. బ్రిటన్, ఫ్రాన్స్‌లకి సాయం చేద్దామని గట్టిగా అన్నవాళ్ళు తక్కువ, తటస్థతని ఇంకా టైట్ చేస్తున్నాం అనే అమ్మారు. సెనేట్‌లో 63-30తో పాసై నవంబర్ 4న చట్టమయ్యింది. జర్మనీ కూడా కొనుక్కోవచ్చు, రూలు ఇద్దరికీ ఒకటే, కాకపోతే అట్లాంటిక్‌లో బ్రిటిష్ నేవీని దాటుకుని రావాలి.

చట్టం అక్షరం ఎంత దూరం లాగిందో 1940 మొదట్లో నార్త్ డకోటాలో పెంబినా అనే ఊరి దగ్గర కనపడింది. బ్రిటన్ కొన్న లాక్‌హీడ్ బాంబర్ విమానాలు కాలిఫోర్నియా నుంచి ఎగిరొచ్చి సరిహద్దు పక్కన దిగేవి. సరుకు యాజమాన్యం సరిహద్దు దాటకముందే కొన్నవాడికి మారిపోవాలి, అమెరికన్ పైలట్ దాన్ని నేరుగా యుద్ధంలో ఉన్న కెనడాలోకి ఎగరేసుకుపోకూడదు. అందుకని ఇంజిన్ ఆపి, తాడు కట్టి, గుర్రాలతో గీత అవతలికి లాగించేవాళ్ళు, అక్కడ కెనడావాళ్ళు అందుకునేవాళ్ళు. అప్పటికి ఆధునికమైన విమానం, ముందు రెండు గుర్రాలు, కింద మంచు. మెయిన్ రాష్ట్రంలో హౌల్టన్ దగ్గర కూడా ఇదే తంతు, అక్కడ అవతలి వైపు హైవేనే రన్‌వేగా వాడుకున్నారు. నైకి ఇది చూస్తే ఎలా ఉండేదో గానీ జరిగింది మాత్రం ఆయన సొంత రాష్ట్రంలోనే.

చట్టం ఉండగానే ఖాళీ అయింది

1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయాక మిగతావన్నీ చకచకా జరిగాయి. సెప్టెంబర్‌లో 50 పాత డిస్ట్రాయర్లు బ్రిటన్‌కి ఇచ్చి, బదులుగా స్థావరాల కోసం స్థలాలు తీసుకున్నారు, 99 ఏళ్ళ లీజు మీద. ఇక్కడ ఇచ్చింది ప్రైవేట్ కంపెనీ కాదు, సాక్షాత్తూ ప్రభుత్వం, పైగా యుద్ధనౌకలు. అలబామా లాంటి కొన్ని ఓడల విషయంలో బ్రిటన్ దగ్గర కోటిన్నర డాలర్లు ముక్కుపిండి వసూలు చేసిన దేశమే అదే బ్రిటన్‌కి యాభై ఓడలు అప్పగించింది. దాడి చేసినవాడినీ దెబ్బతిన్నవాడినీ ఒకే గాటన కట్టే పాత తటస్థతకి కాలం చెల్లిందన్నది అటార్నీ జనరల్ రాబర్ట్ జాక్సన్ తర్వాత వినిపించిన వాదన. అంటే 1935లో రూజ్‌వెల్ట్ అడిగి కాదనిపించుకున్నదే.

ఆ ఏడాది ఆఖరికి బ్రిటన్ దగ్గర డాలర్లు అయిపోయాయి, క్యాష్ లేకపోతే క్యారీ ఏముంది. పక్కింటికి నిప్పంటుకున్నప్పుడు నీళ్ళ పైపుకి ముందు డబ్బు కట్టమంటామా అని రూజ్‌వెల్ట్ ప్రెస్ ముందు అడిగాడు, 1941 మార్చి 11న, ముందు డబ్బు అడక్కుండా ఆయుధాలూ సరుకులూ ఇచ్చే లెండ్-లీజ్ చట్టం వచ్చింది, అప్పుల నిషేధం చుట్టూ దారి పడింది. ఇక మిగిలింది ఓడలు. అక్టోబర్ 31న రూబెన్ జేమ్స్ అనే అమెరికా డిస్ట్రాయర్‌ని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది, నవంబర్ 17న వ్యాపార ఓడలకి తుపాకులు బిగించొచ్చు, యుద్ధ ప్రాంతంలోకి వెళ్ళొచ్చు అని సవరించారు. ఇక్కడ ఓట్లు చూడాలి: సెనేట్ 50-37, హౌస్ 212-194. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడికి దాదాపు మూడు వారాల ముందు కూడా దేశం దాదాపు సగానికి చీలే ఉంది. డిసెంబర్ 8న జపాన్ మీద యుద్ధ ప్రకటనకి వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు, 1917లో కూడా వద్దన్న జెనెట్ రాంకిన్‌ది.

స్విట్జర్లాండ్ దగ్గర అదే ముడి

1935 నాటి తర్కం చచ్చిపోలేదు. 2022 నాటి స్విట్జర్లాండ్ చట్టం ప్రకారం అంతర్జాతీయ యుద్ధంలో ఉన్న దేశానికి ఆయుధాలు అమ్మకూడదు, కొన్న దేశం కూడా ఇంకొకరికి ఇవ్వనని ముందే రాసివ్వాల్సి ఉండేది. ఆ ఏడాది జర్మనీ తను ఎప్పుడో కొన్న స్విస్ తూటాల్ని, గెపార్డ్ అనే విమాన విధ్వంసక ట్యాంకులకి వాడే 35 మిల్లీమీటర్లవి, ఉక్రెయిన్‌కి పంపుతామంటే స్విస్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. కారణంగా చూపించింది 1907 హేగ్ ఒప్పందంలోని సమాన నియమాన్నే, ఒకరికి ఆపితే ఇంకొకరికీ ఆపాలని. రష్యాకి స్విస్ తూటాలు అవసరం లేదు, ముస్సోలినీకి అమెరికా తుపాకులు అవసరం లేనట్టే.

ఆ తర్వాత స్విస్ ఆయుధ కంపెనీలకి కొత్త భయం పట్టుకుంది, యుద్ధమొస్తే వాడుకోనివ్వని సరుకు ఇకమీద ఎవరు కొంటారని. జర్మనీ ఆ సైజు తూటాల కోసం 2023లో తన దేశంలోని రైన్‌మెటాల్ కంపెనీకే ఆర్డర్ ఇచ్చి, సొంత గడ్డ మీద కొత్త లైన్ పెట్టించుకుంది.